ఆఫీసుకు ఏ కారు? చిన్న కారు చుట్టూ ముదిరిన వాదాల సమీక్ష

రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి చిన్న కారు కొనాలంటే ఒకప్పుడు పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. డబ్బులుంటే జెన్, లేకపోతే 800, ఇంట్లో పెద్దవాళ్లుంటే శాంత్రో. ఇప్పుడు అదే ప్రశ్న అడిగితే అయిదుగురు అయిదు దిక్కులు చూపిస్తారు. ఒకరు మైలేజీ అంటారు. ఒకరు క్రాష్ టెస్టులో వచ్చిన స్టార్లు లెక్కపెడతారు. ఒకరికి క్లచ్ లేని కారే కావాలి. ఇంకొకరు సీఎన్‌జీ లెక్కలు చెబుతారు. హ్యాచ్‌బ్యాకే దండగ, కాస్త ఎత్తున్నది తీసుకోమనేవాళ్లు సరేసరి.

ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కాకపోతే రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు మీద, రాత్రి బండి ఎక్కడ పెడతావు అని కొనేవాడిని ముందుగా అడిగేవాళ్లు తక్కువ. ఈ మూడూ తెలిస్తే తగువులో సగం అక్కడికక్కడే తేలిపోతుంది. మిగతా సగం నిజంగానే తేలనిది. ఏ వాదం ఏ సగంలోకి వస్తుందో చూద్దాం.

800 నుంచి నాలుగు మీటర్ల గీత దాకా

1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కింది. 796 సీసీ ఇంజనుతో వచ్చిన ఆ బండి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా మధ్యతరగతికి కారంటే ఏమిటో నేర్పింది. 1993లో జెన్ వచ్చింది. 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా ఒకే ఏడాది దిగడంతో పోటీ అంటే ఏమిటో తొలిసారి తెలిసింది. శాంత్రో ఎత్తైన పైకప్పుతో వచ్చి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా వంగకుండా ఎక్కే కారు ఉంటుందని చూపించింది. ఆ మరుసటి ఏడాది చివర్లో వచ్చిన వ్యాగన్ ఆర్ అదే బాట పట్టి ఇప్పటికీ నడుస్తోంది. ఇండికా డీజిల్ ఖర్చు లెక్కతో గెలిచింది. 2005లో స్విఫ్ట్ రావడంతో చిన్న కారు కూడా నడపడానికి సరదాగా ఉండొచ్చన్న ఆలోచన మొదలైంది.

అసలు మలుపు మాత్రం షోరూంలో కాదు, పార్లమెంటులో వచ్చింది. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. అప్పటి నుంచి మన దేశంలో కారు డిజైన్‌కు ఆ గీతే హద్దు. బాలెనో, ఆల్ట్రోజ్ పొడవు 3990 మిల్లీమీటర్లు, ఐ20ది 3995. ఇంజనీర్లకు ఆ పొడవు మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, అంతా పన్ను మహిమ. 2017 జులైలో జీఎస్టీ వచ్చినా గీత చెరగలేదు. చిన్న పెట్రోలు కారుకు 28 శాతం మీద 1 శాతం సెస్సు, డీజిల్‌కు 3 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల పన్ను 18 శాతానికి దిగింది. గీత దాటినవాటికి 40, విద్యుత్ కార్లకు మునుపటిలాగే 5.

ఇంకోవైపు హ్యాచ్‌బ్యాక్‌ల వరస పలచబడుతూ వచ్చింది. 2009లో లక్ష రూపాయల కారంటూ వచ్చిన నానో 2018లో ఆగిపోయింది. జనానికి చవకైన కారు కావాలి గానీ, చవకైన కారని ఊరంతటికీ తెలిసే కారు అక్కర్లేదని అది రుజువు చేసింది. ఫిగో, పోలో, జాజ్ వెళ్లిపోయాయి. శాంత్రో 2018లో తిరిగొచ్చి నాలుగేళ్లకే సెలవు తీసుకుంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేస్తోంది, వాటిలో హ్యాచ్‌బ్యాక్ ఒక్కటీ లేదు. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన కారు టాటా పంచ్ అనే చిన్న ఎస్‌యూవీ. అంతకుముందు నాలుగు దశాబ్దాల పాటు ఆ స్థానం మారుతీదే.

మైలేజీ పక్షం

అన్నిటికంటే పాత పక్షం ఇదే, సంఖ్యాబలమూ దీనిదే. దీని చేతిలో ఉన్న ఆయుధం ఏఆర్ఏఐ అనే పరీక్షా సంస్థ ఇచ్చే మైలేజీ అంకె. వ్యాగన్ ఆర్ ఒక లీటరు ఇంజను మాన్యువల్‌కు లీటరుకు 24.35 కిలోమీటర్లు, స్విఫ్ట్ మాన్యువల్‌కు 24.80, క్లచ్ లేని స్విఫ్ట్ ఏఎంటీకి 25.75. ఈ అంకెలు అబద్ధం కాదు. అయితే అవి ప్రయోగశాలలో, చక్రాలు రోలర్ల మీద తిరుగుతుండగా, ఏసీ ఆపేసి కొలిచినవి. హైదరాబాద్ అమీర్‌పేట సిగ్నల్లో ఏప్రిల్ మధ్యాహ్నం ఏసీ వేసుకుని నిలబడ్డ కారు సున్నా కిలోమీటర్లకు పెట్రోలు తాగుతూ ఉంటుంది. ఊళ్లో ఈ కార్లన్నీ 14కూ 18కీ మధ్య తిరుగుతాయనుకుంటే ఆశాభంగం ఉండదు.

ఈ పక్షం సాధారణంగా చెప్పని లెక్క ఒకటుంది. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 250 పని దినాలు తిరిగితే పదివేల కిలోమీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే, 15 మైలేజీ ఇచ్చే కారుకు ఏడాదికి 71 వేలు, 18 ఇచ్చేదానికి 59 వేలు. తేడా 12 వేలు, అంటే నెలకు వెయ్యి. అదే 18 నుంచి 21కి వెళ్తే మిగిలేది ఎనిమిదిన్నర వేలే. మైలేజీ పెరిగేకొద్దీ ఒక్కో కిలోమీటరు తెచ్చే లాభం తగ్గుతూ పోతుంది. కాబట్టి 22కీ 25కీ మధ్య తేడా కోసం కొట్టుకోవడంలో అర్థం లేదు. రోజుకు పన్నెండు కిలోమీటర్లే తిరిగేవాడికి మొదటి తేడా కూడా ఏడాదికి మూడున్నర వేలే అవుతుంది. ఒక బంపరు గీతకు పెయింటు వేయిస్తే పోయే డబ్బు!

మైలేజీ వేట ఇంజన్లనూ మార్చేసింది. 2024లో వచ్చిన స్విఫ్ట్ నాలుగు సిలిండర్ల ఇంజను వదిలి మూడు సిలిండర్లదానికి మారింది. మైలేజీ పెరిగింది, శక్తి 90 హార్స్‌పవర్ నుంచి 82కు తగ్గింది, నిలబడ్డప్పుడు స్టీరింగు దగ్గర సన్నటి వణుకు వచ్చి చేరింది. ఆ వణుకు కొందరికి అసలు తెలియదు. కొందరిని మాత్రం రోజూ గంటన్నరసేపు విసిగిస్తుంది. బాలెనో, ఐ20లలో ఇంకా నాలుగు సిలిండర్లే.

ఇథనాల్ గొడవ ఈ పక్షాన్ని కలవరపెట్టింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది చాలావరకు అదే. దానికి తగ్గట్టు చేసిన కార్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. మామూలు పెట్రోలుకు తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, కొత్త మిశ్రమానికి సర్దినవాటిలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. కొత్త కారు కొనేవాడికి ఇది పెద్ద విషయం కాదు. పాత కారు కొనేవాడు మాత్రం తయారీ నెల చూసుకోవాలి.

స్టార్ల తగువు

ఇప్పుడు నడుస్తున్న వాదాల్లో అన్నిటికంటే వేడిగా ఉన్నది ఇదే. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే పరీక్షా సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గోడకు కొట్టించి చూసి అన్నిటికీ సున్నా ఇచ్చింది. అక్కడ మొదలైంది కదలిక. ప్రమాద పరీక్ష నిబంధనలు 2017 అక్టోబరులో కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరులో అన్నిటికీ తప్పనిసరయ్యాయి. 2019లోనే ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ వచ్చాయి. 2021 ముగిసేసరికి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్‌లు తప్పనిసరి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన సొంత రేటింగ్ నడుస్తోంది. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లను చట్టంతో రుద్దాలన్న ఆలోచనను ప్రభుత్వం మానుకుంది. ఆ తర్వాత కంపెనీలే పోటీ మీద ఇవ్వడం మొదలుపెట్టాయి. 2025లో ఆల్టో కే10, సెలెరియో, వ్యాగన్ ఆర్‌లలోనూ అన్ని వేరియంట్లకూ ఆరు వచ్చాయి.

ఒక వర్గం వాదన సూటిగా ఉంటుంది. టాటా ఆల్ట్రోజ్ 2020లోనే అయిదు స్టార్లు తెచ్చుకుంది, టియాగోకు నాలుగు వచ్చాయి. అదే ధరలో దొరికే వ్యాగన్ ఆర్‌కు 2019లో రెండు, 2023లో ఒకటి. ఇంకా ఆలోచించడానికేముంది అంటారు వీళ్లు. రెండో వర్గం మాట కూడా తేలిగ్గా తీసేసేది కాదు. ముందు నుంచి కొట్టించే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. మాదాపూర్‌లో సాయంత్రం ఆరింటికి ఇరవై దాటితే అదృష్టం. ఆ వేగంలో బతికించేవి బ్రేకులు, అద్దాలు, డ్రైవరు ఓపిక. రేకు మందంతో పనేముంది అంటారు వీళ్లు.

ఇద్దరూ ఒక్కో విషయం వదిలేస్తున్నారు. మొదటివాళ్లు వదిలేసేది ఏమిటంటే, స్టార్లన్నీ ఒకే తూకపురాయితో తూచినవి కావు. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 మధ్యలో పరీక్షను కఠినం చేసింది. పక్క నుంచి తగిలే దెబ్బ, కారు పట్టు తప్పకుండా చూసే ఈఎస్‌సీ, పాదచారుల రక్షణ కూడా లెక్కలోకి వచ్చాయి. 2020 నాటి నాలుగు స్టార్లనూ 2023 నాటి ఒక స్టారునూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. అలాగే అన్నదమ్ముల్లాంటి కార్లలో ఒకదాని మార్కులు ఇంకోదానికి అంటించకూడదు. 2024లో డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ అయిదు స్టార్లు ఇచ్చింది, స్విఫ్ట్ దాని తోడబుట్టిందే కదా అని స్విఫ్ట్‌కూ అయిదు వేసుకుంటే అది మన ముచ్చటే. తలుపు వేసినప్పుడు ‘దబ్’మని బరువుగా వినిపిస్తే గట్టి కారన్న నమ్మకం కూడా అలాంటిదే. ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, లోపలి గూడు చెక్కుచెదరకూడదు. ఆ గూడు గట్టిదో కాదో తలుపు చప్పుడు చెప్పలేదు.

ఇక రెండో వర్గం మరిచేది, ఊళ్లో తిరిగే కారు ఊళ్లోనే ఉండిపోదన్న సంగతి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద కుడివైపు లేన్లలో 120 దాకా వెళ్లొచ్చు. సంక్రాంతికి అదే బండి విజయవాడ హైవే ఎక్కుతుంది. విజయవాడ నుంచి గుంటూరుకో, విశాఖ నుంచి పరవాడ ఫార్మాసిటీకో రోజూ వెళ్లేవాళ్లకు ఆఫీసు దారే హైవే. లారీలు, కాలేజీ బస్సుల మధ్య ఎనభైలో వెళ్లే మనిషికి స్టార్లు అక్కర్లేదనడం సాహసం.

స్టార్ల కంటే ముందు చూడాల్సినది ఇంకొకటుంది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన ఉన్నది ఖరీదైన, గట్టి కారులోనే. వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. షోరూంలో ఎన్ని స్టార్లని అడిగే కుటుంబాలు ఎన్నో, అక్కడి నుంచి ఇంటికి వెనక సీట్లో బెల్టు పెట్టుకుని వెళ్లేవి ఎన్నో లెక్క తీస్తే తేలేది అంత గొప్పగా ఉండదు.

ఎడమ కాలి కష్టం

గేర్ల విషయంలో వాదం దాదాపు ముగిసినట్టే. 2014లో సెలెరియో ఏఎంటీ రాక ముందు ఆటోమేటిక్ అంటే లక్ష రూపాయల పైమాట, పైగా మైలేజీ పడిపోయేది. ఏఎంటీలో గేరు పెట్టె మామూలుదే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు చిన్న యంత్రం చేస్తుంది. అదనపు ఖర్చు యాభై వేల చుట్టుపక్కల, మైలేజీకి లోటు లేదు. ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి దాకా హాఫ్ క్లచ్‌లో పాకే మనిషి ఎడమ మోకాలికి ఆ యాభై వేలు రెండేళ్లలో గిట్టుబాటు అవుతాయి. క్లచ్ ప్లేటు కాలిపోకుండా మిగిలే డబ్బు దాని పైన.

లోపాలు లేకపోలేదు. గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుంది. అపార్ట్‌మెంటు సెల్లార్ ఏటవాలు మీద ఆగి మళ్లీ కదలాలంటే, హిల్ హోల్డ్ లేని కారు కాస్త వెనక్కి జారుతుంది. ఇవి పడనివాళ్లకు ఐ20లో సీవీటీ, ఆల్ట్రోజ్‌లో డ్యూయల్ క్లచ్ అనే మెత్తని ఆటోమేటిక్‌లు ఉన్నాయి, ధర ఎక్కువ. బాలెనో మాత్రం 2022లో సీవీటీ వదిలేసి ఏఎంటీకి దిగింది. మెత్తదనం కోరి అంత డబ్బు పెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారో మారుతీ లెక్క వేసుకునే ఉంటుంది.

మాన్యువల్ పక్షాన ఇప్పుడు మిగిలింది ధర ఒక్కటే. రోజుకు పది కిలోమీటర్లు, ఖాళీ రోడ్డు అయితే అదీ న్యాయమైన వాదనే.

పెట్రోలా, గ్యాసా, కరెంటా

డీజిల్‌ను ఒక్క వాక్యంలో పంపేయొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతీ డీజిల్ ఆపేసింది, 2023లో ఐ20 డీజిల్ కూడా పోయాక హ్యాచ్‌బ్యాక్‌లలో ఆల్ట్రోజ్ ఒక్కటే మిగిలింది, అదీ చిన్న చిన్న దూరాలు తిరిగితే పొగ వడపోత మూసుకుపోయే బాపతు.

మిగిలిన మూడింటి మధ్యే నిజమైన పోటీ. అంకెలు వేసి చూద్దాం. ఏడాదికి పదివేల కిలోమీటర్లు, పెట్రోలు కారు 16 మైలేజీ, లీటరు 107 అనుకుంటే ఖర్చు 67 వేలు. సీఎన్‌జీ కిలోకు 24 కిలోమీటర్లు, ధర 96 అయితే 40 వేలు. మిగులు 27 వేలు. సీఎన్‌జీ కోసం అదనంగా పెట్టేది సుమారు 90 వేలు, కాబట్టి మూడేళ్లు దాటాక లాభం మొదలవుతుంది. విద్యుత్ కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు, ఇంటి కరెంటు యూనిట్ 9 రూపాయలు అనుకుంటే ఖర్చు 13 వేల లోపే. ఏడాదికి 54 వేలు మిగులుతాయి.

విద్యుత్ కారు అదనపు ధర ఎంతన్నది మాత్రం ఏ రాష్ట్రంలో కొంటున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల కారుకు జీవితకాల పన్ను 14 శాతం. 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం విద్యుత్ వాహనాలకు ఈ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా లేవు. పెట్రోలు కారు 6 లక్షలు, దాని జోడీ విద్యుత్ కారు ఎనిమిదిన్నర లక్షలు అనుకుందాం. షోరూంలో తేడా రెండున్నర లక్షలు. పెట్రోలు కారుకు 84 వేల పన్ను కలిశాక తేడా లక్షా 66 వేలకు తగ్గుతుంది, మూడేళ్లలో తీరిపోతుంది. అదే మినహాయింపు లేకపోతే విద్యుత్ కారుకూ పన్ను పడి, లెక్క తేలడానికి అయిదేళ్లు దాటుతుంది.

ఇప్పుడు ఇవే అంకెలను రోజుకు పన్నెండు కిలోమీటర్ల మనిషికి వేయండి. సీఎన్‌జీ గిట్టుబాటు కావడానికి పదకొండేళ్లు, విద్యుత్ కారుకు మినహాయింపు ఉన్నా పదేళ్లు. అప్పటికి కారే మారిపోతుంది. దూరం చెప్పకుండా ఏ ఇంధనం మంచిదని వాదించుకోవడం ఎంత వృథానో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

డబ్బు కాని చిక్కులూ ఉన్నాయి. సీఎన్‌జీ సిలిండరు డిక్కీని మింగేస్తుంది. టాటా 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పడుకోబెట్టింది, ఈ రంగంలో ఈ మధ్య కాలంలో వచ్చిన తెలివైన మార్పు ఇదేననిపిస్తుంది. గ్యాస్ మీద స్విఫ్ట్ శక్తి 82 నుంచి 70 హార్స్‌పవర్‌కు పడిపోతుంది. నలుగురు ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కితే ఆ తేడా తెలుస్తుంది. సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం బంకు. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ బంకులున్నాయి, అవి మన దారిలో ఉన్నాయా, ఉంటే సాయంత్రం ఆటోల వెనక ఎంతసేపు నిలబడాలి అన్నది ఎవరికి వారు వెళ్లి చూసుకోవాల్సిందే.

విద్యుత్ కారు విషయంలో ఎంత దూరం వెళ్తుందన్న భయం ఆఫీసు ప్రయాణానికి అనవసరం. 2022లో వచ్చిన టియాగో ఈవీలో చిన్న బ్యాటరీ 19.2 యూనిట్లు, పెద్దది 24. కంపెనీ చెప్పిన 250, 315 కిలోమీటర్లలో మూడో వంతు తీసేసినా రోజుకు యాభై తిరిగేవాడికి మూడు రోజులు వస్తుంది. అసలు గండం సెల్లార్‌లో ఉంది. సొంత మీటరు నుంచి పార్కింగు దాకా వైరు లాగడానికి అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోవాలి. సొంత ఇల్లున్నవాడికి ఇది రెండు గంటల పని. అద్దె ఫ్లాట్లో ఉన్నవాడికి దాదాపు అసాధ్యం. బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే యూనిట్ ధర రెట్టింపు దాటి పై లెక్కంతా తలకిందులవుతుంది.

ఎత్తు మోజు

గుంతలు, లెక్కలేని స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం మోకాలి లోతు నీళ్లు. ఇన్ని ఉండగా చిన్న ఎస్‌యూవీ కావాలనుకోవడంలో తప్పు లేదు. పంచ్‌కు నేల నుంచి ఎత్తు 187 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌కు 163. ఆ రెండు సెంటీమీటర్ల పైచిలుకు అడుగు గీసుకోకుండా కాపాడుతుంది. కానీ పేర్లు చూసి మోసపోకూడదు. పంచ్ పొడవు 3827 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ కంటే తక్కువే. హ్యుందాయ్ ఎక్స్‌టర్, గ్రాండ్ ఐ10 నియోస్‌ల పొడవు ఒకటే, 3815. అడుగున పునాదీ ఒకటే. అంటే ఎత్తు చక్రాలు, నల్ల ప్లాస్టిక్ అంచులు తగిలించిన హ్యాచ్‌బ్యాక్‌కు పైడబ్బు ఇస్తున్నాం. ఆ డబ్బు ఎత్తుకైతే ఇవ్వొచ్చు, పేరుకైతే అక్కర్లేదు. నీళ్లలోకి దూసుకుపోవచ్చన్న ధీమా మాత్రం ఏ కారుకూ పనికిరాదు. ఇంజనులోకి నీరు వెళ్తే మామూలు బీమా వర్తించదు, ఇంజను రక్షణ విడిగా తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ పక్షం

కొత్త కారు మొదటి ఏడాది ముగిసేసరికి బీమా విలువే 15 శాతం తగ్గుతుంది, అయిదేళ్లకు సగం. ఆ నష్టం ఇంకొకరు భరించాక కొనుక్కుందామన్నది ఈ పక్షం నీతి, చాలావరకు సరైనదే. 2025లో కొత్త కార్ల పన్ను తగ్గడంతో ఆ తేడా కొంత కరిగింది. రెండు, మూడేళ్ల కారు కొనేవాళ్లు కొత్తదాని ఆన్‌రోడ్ ధరను పక్కన పెట్టుకుని బేరం ఆడాలి. పాత ధరలు మనసులో ఉంచుకున్న అమ్మకందారులు ఇంకా ఉన్నారు.

పక్కపక్కన పెడితే

రోజుకు ఇరవై కిలోమీటర్ల లోపు, ఇరుకు సందు, స్తంభాల మధ్య పార్కింగు ఉన్నవాళ్లకు పెట్రోలు ఏఎంటీయే చాలు. వ్యాగన్ ఆర్ వెడల్పు 1620 మిల్లీమీటర్లు, ఎత్తు 1675. డిక్కీ 341 లీటర్లు, స్విఫ్ట్‌ది 265 మాత్రమే. పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి దాన్ని మించిన హ్యాచ్‌బ్యాక్ కష్టం. హైవే మీద దాని సత్తా తక్కువ, స్టార్లు తక్కువ, ఆ లోటు తెలిసే కొనాలి. సెలెరియో, ఆల్టో కే10, వ్యాగన్ ఆర్ ఒక లీటరు ఇంజన్లు 998 సీసీ. వెయ్యి సీసీ దాటని కారుకు థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 2,094, దాటితే 3,416. చిన్న తేడాయే, కానీ ఏటా వస్తుంది.

రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు ఊళ్లోనే పాకేవాళ్లకు సొంత ప్లగ్ ఉంటే విద్యుత్ కారు, లేకపోతే దారిలో బంకు ఉన్న చోట సీఎన్‌జీ. టియాగో ఈ రెండు రూపాల్లోనూ దొరుకుతుంది, 2024 నుంచి సీఎన్‌జీకి ఏఎంటీ కూడా తోడైంది. ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకు ఈ కలయిక బాగా పనికొస్తుంది.

ఆఫీసు దారే హైవే అయినవాళ్లకు ఆల్ట్రోజ్, బాలెనో, ఐ20 వరస. 2025 భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో బాలెనోకు నాలుగు స్టార్లు వచ్చాయి. వెడల్పు ఎక్కువ, వేగంలో నిలకడ ఎక్కువ, ధరా ఎక్కువే. బడ్జెట్ సరిపోకపోతే వీటి పై వేరియంట్ వదిలి కింది వేరియంట్ తీసుకోవడమే మేలు. పెద్ద టచ్‌స్క్రీన్, సన్‌రూఫ్ గురించి ఇక్కడ చెప్పాల్సిందేమీ లేదు. మన ఎండలకు సన్‌రూఫ్ ఎవరు అడిగారో కూడా తెలియదు.

రాయదుర్గం మెట్రో స్టేషను నుంచి నడిచే దూరంలో ఆఫీసు, మియాపూర్‌లోనో నాగోలులోనో ఇల్లు ఉన్నవాళ్లకు ఈ వరసల్లో ఏదీ అక్కర్లేకపోవచ్చు. వాళ్లకు కావాల్సింది ఆదివారం కారు, దాని లెక్క వేరు.

తేలనివి

టియాగో ఈవీకి బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు, లక్షా 60 వేల కిలోమీటర్లు. తొలి బ్యాచ్ వారంటీ 2030 తర్వాత గానీ ముగియదు. ఎనిమిదేళ్ల బ్యాటరీ ఉన్న చిన్న కారును ఎంతకు కొంటారో చెప్పడానికి ఇప్పటికి మార్కెట్ లేదు. పై లెక్కల్లో రీసేల్ కలపకపోవడానికి కారణం అదే, కలిపి చూపించేవాళ్ల అంకెలు ఊహలే. బ్యాటరీని విడిగా అద్దెకిచ్చే పద్ధతిని ఎంజీ కంపెనీ 2024లో తన చిన్న విద్యుత్ కారు కామెట్‌కూ తెచ్చింది. అది ఈ భయానికి మందో, లేక భయాన్ని నెలవారీ కిస్తీగా మార్చడమో అప్పుడే చెప్పలేం.

ఇంకా పెద్ద చిక్కు బరువు దగ్గర ఉంది. ఇంధన పొదుపు ప్రమాణాల తర్వాతి దశ కోసం 2025 సెప్టెంబరులో వచ్చిన ముసాయిదా, 909 కిలోలు దాటని, నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు సడలింపు ఇవ్వాలంది. చిన్న కారు బతకాలంటే అది అవసరమని మారుతీ వాదించింది. బరువు గీత పెడితే తేలికగా చేయడానికి భద్రతలో కోత పడుతుందని, ఒక్క కంపెనీకే లాభమని టాటా, మహీంద్రా అడ్డం తిరిగాయి. మైలేజీ పక్షం, స్టార్ల పక్షం షోరూంలో పడే తగువే ఇది, ఈసారి మంత్రిత్వ శాఖ గదుల్లో. 2006లో పొడవు గీత కార్ల తోకలు కత్తిరించినట్టే, బరువు గీత ఏ రూపంలో వచ్చినా ఆల్టో, సెలెరియో తరగతి కారు రేపు ఎంత గట్టిగా, ఎంత ధరకు ఉంటుందో అదే నిర్ణయిస్తుంది.